అమెరికా వెళ్లేలోపు అమ్మాయికి ఊళ్లోనే డ్రైవింగ్ నేర్పించాలా?

పాలకొల్లు నుంచి ఒక అమ్మ:

అందరికీ నమస్కారమండి. మావారు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉన్నారు. జూన్‌లో నేనూ, మా అమ్మాయీ వెళ్తున్నాం. దానికి 16 నిండాయి. అక్కడ ఈ వయసు పిల్లలు కారు నడుపుతారట కదా. మా తమ్ముడేమో "పొద్దున్నే కాలవ గట్టు మీద ఎవరూ ఉండరు, నెలలో నేర్పేస్తా, అక్కడికెళ్లాక భయముండదు" అంటున్నాడు. నేర్పించమంటారా? నాకైతే టెన్షన్‌గానే ఉందండి.

ఫ్రీమాంట్ నుంచి, సొంతూరు అమలాపురం పక్కన:

చెల్లీ, మేనమామ ముచ్చట అర్థమైంది గానీ స్టీరింగ్ మాత్రం ఇవ్వనివ్వకు. మన దగ్గర కారు లైసెన్సుకి 18 నిండాలి. మైనరు బండి నడిపి నేరమేదైనా జరిగితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పెద్దవాళ్లకీ, బండి ఓనరుకీ మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. అదలా ఉంచు, ఆ గట్టుకి పిట్టగోడైనా ఉండదు. కాలవలోకి దూసుకుపోయిన కార్ల గురించి నీకు నేను చెప్పాలా?

పిల్లకి ఇప్పుడే నేర్పాల్సింది వేరే ఉంది. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే కనిపెట్టి, మనకి కాస్త చోటూ టైమూ ఉంచుకోవడం. డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటే అదే. దానికి స్టీరింగ్ అక్కర్లేదు. బెల్టు పెట్టించి ముందు సీట్లో కూర్చోబెట్టు. భీమవరం వెళ్తున్నా, నరసాపురం వెళ్తున్నా, కనపడిందీ, తర్వాత జరగబోయేదీ పైకి చెప్పించు. ముందు ఆటోలో చివర కూర్చున్నాయన కడ్డీ పట్టుకుని ఒక కాలు బయటకి పెట్టాడంటే ఆటో ఆగబోతోందన్నమాట. బ్రేకు లైటు వెలిగేది ఆ తర్వాతే. ఇప్పుడు దాళ్వా (రెండో పంట వరి) కోతలు కదా, రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురొచ్చే లారీ దాన్ని తప్పించడానికి మన వైపుకి వచ్చేస్తుంది. లారీ మీదకొచ్చాక బ్రేకు తొక్కడం కాదు, ధాన్యం కనపడగానే "లారీ ఇటొస్తుంది" అని పిల్ల నోటెంట రావాలి. అలాగే గట్టెక్కే మొదటి బాతుని చూడగానే వెనకాల మంద ఉందని తట్టాలి.

ఈ చూపు వచ్చిన పిల్ల ఇక్కడ పార్క్ చేసిన కారులో మనిషి తల కనపడితే, తలుపు తెరుచుకోవచ్చని తనే అనుకుంటుంది. పది, పదిహేను సెకన్ల తర్వాత మనం ఎక్కడుంటామో అంత దూరం చూస్తూ నడపమని ఇక్కడ లైసెన్సులిచ్చే ఆఫీసు, అదే డీఎంవీ, వాళ్ల పుస్తకంలోనే ఉంటుంది. ముందు బండికి మూడు సెకన్ల ఎడం ఉంచమంటారు. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటాక మనం దాటడానికి ఎంత పట్టిందో అక్కడే లెక్కపెట్టించు.

శాక్రమెంటో నుంచి, సొంతూరు కాకినాడ:

అక్కగారు చెప్పినట్టే చేయండమ్మా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూస్తాం, ఇక్కడ బండ్లు ముందు ఎడమవైపు నుంచి వస్తాయి. కారు దాకా ఆగకుండా, దిగిన రోజు నుంచే నడిచి దాటేటప్పుడు ఈ అలవాటు మార్పించండి. మన గట్టు మీద మలుపు వస్తే హారన్ కొట్టి పోతాం. ఇక్కడ మలుపు అవతల కనపడకపోతే స్పీడు తగ్గించాలి. స్టాప్ బోర్డు దగ్గర ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాల్సిందే.

పాలకొల్లు నుంచి:

తమ్ముడికి చెప్పేశానండి, ఒప్పుకున్నాడు. అక్కా, మావారికి అసలు తీరుబడి ఉండదు. అక్కడ నేను పక్కన కూర్చుని నేర్పొచ్చా?

ఫ్రీమాంట్ నుంచి:

నేర్పొచ్చు గానీ ముందు నీకు కాలిఫోర్నియా లైసెన్సు ఉండాలి. అందుకని వచ్చీరాగానే నీ లైసెన్సు పని చూసుకో. పిల్లకి ముందు పర్మిట్ (నేర్చుకోవడానికి అనుమతి) ఇస్తారు, అది చేతికొచ్చాక లైసెన్సుకి కనీసం ఆరు నెలలు ఆగాలి. ఈలోగా డ్రైవింగ్ స్కూలు వాళ్లతో 6 గంటలు, ఇంటివాళ్లతో 50 గంటలు నడపాలి. ఆ 50లో 10 రాత్రిపూట. లైసెన్సొచ్చిన మొదటి ఏడాది రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఒక్కతే నడపకూడదు, పెద్దవాళ్లు లేకుండా 20 ఏళ్ల లోపు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకోకూడదు. ఈ నియమం దగ్గర పిల్లలు బతిమాలతారు, మెత్తబడకు.

పక్కన కూర్చున్నప్పుడు అరవకు చెల్లీ. అరిస్తే పిల్ల రోడ్డు వదిలేసి నీ మొహం చూస్తుంది. "ఆ సిగ్నల్ దగ్గర కుడికి తిరగాలి, అద్దం చూసుకో" అని బాగా ముందుగా, మామూలు గొంతుతో చెప్పు. వాదన వస్తే కారు పక్కన ఆపించాకే మాట్లాడు.