విశాఖలో ఐదుగురికి హోటల్: పాయింట్లతో ఎక్కడ దిగాలి?

బోడుప్పల్ నాన్న

నమస్కారం అండి. దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నాం. మూడు లేదా నాలుగు రాత్రులు. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (పాపకి తొమ్మిది, బాబుకి నాలుగు), అమ్మ. అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు.

ఆఫీసు పని మీద ఊళ్లు తిరిగి కూడబెట్టినవి మారియట్ హోటళ్ల సభ్యత్వ పథకం బాన్వాయ్‌లో 41 వేల పాయింట్లు ఉన్నాయి. హెచ్‌డీఎఫ్‌సీ మారియట్ కార్డు మీద వచ్చిన ఉచిత రాత్రి ఒకటి ఉంది, 15 వేల పాయింట్ల లోపు గదికి చెల్లుతుంది. అకార్‌లో (నోవొటెల్ హోటళ్ల వాళ్లది) 6,200 పాయింట్లు.

మా ఆవిడ షరతు: కర్టెన్ తీస్తే సముద్రం కనపడాలి. అమ్మ షరతు: సింహాచలం. పిల్లలది సబ్‌మెరైన్, అరకు రైలు. నా షరతు జేబులోంచి వీలైనంత తక్కువ పోవాలని. మారియట్ వాళ్ల ఫోర్ పాయింట్స్‌లో నేను చూసిన రోజు రాత్రికి 12,500 పాయింట్లు చూపించింది. తీసేసుకోనా, ఆగనా?

పాయింట్ల పిచ్చోడు

ముందు ఒక లెక్క వేయండి. అదే గదికి డబ్బులిస్తే పన్నుతో సహా ఎంతవుతుందో చూసి, దాన్ని పాయింట్లతో భాగించండి. పన్నుతో సహా అని ఎందుకంటున్నానంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల దాకా గదికి 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18 శాతం. 7,400 గది మీకు 7,770కి పడుతుంది. 7,800 గది 9,204 అవుతుంది. నాలుగొందల తేడా చూస్తుండగానే పధ్నాలుగు వందలు దాటిపోతుంది.

మామూలు రోజు గది 6,500 ఉందనుకోండి, పన్నుతో 6,825. దానికి 12,500 పాయింట్లు పెడితే పాయింటుకి 55 పైసలు కూడా రావు. అదే గది దసరా రద్దీలో 9,000 అయితే పన్నుతో 10,620. అప్పుడు 85 పైసలు. నా పద్ధతి ఏంటంటే 60 పైసల కింద వస్తే డబ్బులు కట్టేస్తాను, పాయింట్లు ముట్టుకోను. ఒక చిక్కు ఉంది. మారియట్‌లో స్థిరమైన పట్టిక లేదు, గది ధర పెరిగితే పాయింట్లూ పెరగొచ్చు. అందుకే 12,500 కనపడినప్పుడు బుక్ చేసి పెట్టుకోండి. పాయింట్ల బుకింగ్‌ని మామూలుగా రెండు మూడు రోజుల ముందు దాకా రద్దు చేసుకోవచ్చు, ఆఖరి తేదీ మాత్రం బుకింగ్‌లోనే చూసుకోండి.

అకార్ దారి వేరు. 2,000 పాయింట్లకి 40 యూరోలు, అంటే మన డబ్బులో నాలుగు వేల చిల్లర, బిల్లులో తగ్గిస్తారు. దసరా అయినా ఆషాఢమైనా వాటి విలువ అంతే. కాబట్టి పాయింట్లు పెరగకముందే మారియట్ గదులు పట్టుకోండి, అకార్‌వి ఎక్కడైనా వాడుకోండి. ఐదు రాత్రులు వరసగా ఉంటే మారియట్‌లో ఒక రాత్రి పాయింట్లు తీసుకోరు. మీరు అన్ని రోజులు ఉండట్లేదు కాబట్టి అది వదిలేయండి.

ఎంవీపీ కాలనీ అక్క

తమ్ముడూ, ఫోర్ పాయింట్స్ ఉన్నది వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో. బీచ్‌కి ఆటోలో వెళ్లిపోవచ్చు, కానీ కర్టెన్ తీయగానే కాళ్ల కింద కెరటాలు కనపడతాయని మీ ఆవిడకి చెప్పకండి. సముద్రమే కావాలంటే బీచ్ రోడ్‌లో నోవొటెల్ వరుణ్ బీచ్. అది అకార్ వాళ్లదే, గదులన్నీ సముద్రం వైపేనని హోటలే చెప్పుకుంటుంది. ద పార్క్‌కి బీచ్ వైపు తోట ఉంది, పిల్లలకి బాగుంటుంది, కానీ అక్కడ మీ పాయింట్లు చెల్లవు. ఐటీసీ వాళ్ల వెల్‌కమ్‌హోటల్ కూడా బీచ్ రోడ్‌లోనే, దానికి వాళ్ల సొంత క్లబ్ పాయింట్లు. ఋషికొండ వైపు రాడిసన్ బ్లూ ఉంది. అందంగా ఉంటుంది కానీ ఊరికి దూరం.

అమ్మగారి మోకాళ్ల సంగతి చెప్పారు కాబట్టి ఇంకో మాట. బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్‌లో ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపు కంతల్లోంచి కాలెత్తి దూరాలి. ఆవిడ వల్ల కాదు. మీరు పిల్లల్ని తీసుకెళ్లండి, ఆవిడని ఎదురుగా బీచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి చేతిలో మురీ మిక్చర్ పొట్లం పెట్టండి. సోమవారం సబ్‌మెరైన్‌కి సెలవు. చాలామంది సోమవారమే వచ్చి గేటు ముందు ఫొటో దిగి పోతారు.

ఆర్కే బీచ్‌లో పిల్లల్ని మడమల లోతు దాటనివ్వొద్దు. లోపలికి లాగే కెరటాలు.

మాజీ రిసెప్షన్

పదేళ్లు హోటల్ రిసెప్షన్ డెస్క్‌లో నిలబడ్డవాణ్ణి. మీరు పైసల లెక్కలు వేస్తున్నారు గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఐదుగురు ఎన్ని గదుల్లో పడుకుంటారు?

పాయింట్ల గది అంటే అక్కడి అతి మామూలు గది. లెక్కలో ఇద్దరు పెద్దవాళ్లు. నాలుగేళ్ల బాబుని మధ్యలో పడుకోబెట్టుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. తొమ్మిదేళ్ల పాపని కూడా చాలాచోట్ల ఒప్పుకుంటారు, పరుపుకి మాత్రం వేరే డబ్బు పడొచ్చు. మూడో పెద్ద మనిషి వచ్చిందంటే కథ మారుతుంది. ఎక్స్‌ట్రా బెడ్ ఒకటే వేస్తారు, కొన్ని గదుల్లో అదీ పట్టదు. దాని డబ్బు పాయింట్లలో పోదు, కౌంటర్‌లో కట్టాలి, పైన పన్ను.

నేను చూసిన గొడవల్లో సగం ఇవే. ఆన్‌లైన్‌లో ఇద్దరని పెట్టి బుక్ చేస్తారు. రాత్రి పదింటికి సామానుతో, నిద్రపోతున్న పిల్లలతో, తాతయ్యతో దిగుతారు. 'మా వాళ్లేగా, సర్దుకుంటాం' అంటారు. అందరి ఆధార్ కార్డులు తీసుకుని రాసుకోవాల్సింది మేము. గదికి ఇంతమందే అన్న నియమం మేం పెట్టింది కాదు, తిట్లు మాత్రం మాకు. బుక్ చేసేటప్పుడే పిల్లల వయసులతో సహా ఐదుగురినీ వేయండి. యాప్ ఒక గదిలో ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని ముందే తెలుస్తుంది.

రెండు గదులైతే మధ్యలో తలుపున్న జత గదులు ఉన్నాయా అని హోటల్‌కే ఫోన్ చేసి అడగండి, కాల్ సెంటర్‌కి కాదు. ఫోన్‌లో మాట్లాడినవాళ్ల పేరు రాసుకోండి. దొరుకుతాయని హామీ ఎవరూ ఇవ్వరు, కానీ ముందు అడిగినవాళ్లకే ముందు ఇస్తాం. అమ్మగారి కోసం లిఫ్ట్‌కి దగ్గర గది, బాత్రూంలో టబ్ కాకుండా నేల మీద షవర్ అడగండి. టబ్ అంచు దాటి కాలెత్తలేక పెద్దవాళ్లు పడ్డం చూశాను.

ఇంకోటి, బ్రేక్‌ఫాస్ట్. పాయింట్ల గదిలో అది మామూలుగా ఉండదు. ఐదుగురికి మూడు రోజులు బఫే లెక్కేసి చూడండి, ఉచితం అనుకున్న గది ఎంత ఉచితమో తెలుస్తుంది.

కంచరపాలెం కుర్రోడు

బ్రేక్‌ఫాస్టేటండీ బాబూ! విశాఖపట్నం వచ్చి హోటల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటారా? ఎంవీపీ కాలనీకి వెళ్లి వాసెన పోలు తినండి, ఆవిరి మీద ఉడికినవి, బెల్లం పాకంతో. అమ్మగారికి అదే నచ్చుతాది. ఐదుగురు తిన్నా బఫేలో ఒకళ్ల డబ్బు అవ్వదు.

అరకు రైలు ఏడు లోపే స్టేషన్ వదిలేస్తాది. ఆ రోజు ఏ హోటల్ బ్రేక్‌ఫాస్టూ మీకు అందదు. కట్టేసి ఉంటే ముందు రోజు రాత్రే ప్యాకింగ్ అడగండి. విస్టాడోమ్ (అద్దాల పైకప్పు పెట్టె) టికెట్ మాత్రం ఇప్పుడే చూసుకోండి. దసరాకి బెంగాల్ నుంచి జనం అరకు మీద పడతారు, మీరు హోటల్ గురించి ఆలోచించేలోపు రైలు నిండిపోతాది.

బోడుప్పల్ నాన్న

మాజీ రిసెప్షన్ గారూ, మీరు చెప్పాక మళ్లీ కూర్చుని ఐదుగురిని వేసి చూశాను. ఒక గదిలో ఒప్పుకోలేదు. ఈ రెండు వారాలు నేను చూసిన ధరలన్నీ దండగే. రెండు గదులు, రెండు రాత్రులు అంటే నాలుగు గదులకి లెక్క. మూడింటికి 37,500 పాయింట్లు, నాలుగోదానికి కార్డు మీద వచ్చిన ఉచిత రాత్రి. సరిగ్గా సరిపోతోంది. మూడో రాత్రికి అకార్ 6,000 పాయింట్లతో 120 యూరోలు తగ్గుతుంది కదా, మా ఆవిడ సముద్రం అలా తీరుతుంది. నాలుగో రాత్రి వదిలేస్తున్నాం.

ఇంకో దారి కూడా ఉంది. బ్యాంకు కార్డు పాయింట్లతో బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఏ హోటలైనా బుక్ చేసుకోవచ్చంటున్నారు. అది తేలిక కదా?

పెందుర్తి పంతులమ్మ

తేలికే, మాకు అదే జరిగింది. పేర్లు చెప్పను. బ్యాంకు వెబ్‌సైట్‌లో బీచ్ రోడ్‌లో ఒక హోటల్ బుక్ చేశాను, పాయింట్లు సగం, కార్డు సగం. అత్తయ్యకి జ్వరం వచ్చి ఒక రోజు ఆలస్యంగా వెళ్లాలనుకున్నాం. హోటల్‌కి ఫోన్ చేస్తే 'ఇది మీరు మాతో చేసిన బుకింగ్ కాదండి, బ్యాంకు వాళ్లని అడగండి' అన్నారు. బ్యాంకు వాళ్లు ట్రావెల్ ఏజెన్సీ నంబరిచ్చారు. ఏజెన్సీ వాళ్లు హోటల్‌ని అడగమన్నారు. మూడు రోజులు ముగ్గురి మధ్య తిరిగాను. చివరికి ఒక రాత్రి పోయింది. పాయింట్లు వెనక్కి రావడానికి నెల పైన పట్టింది, డబ్బు ముందు వచ్చింది. పైగా బయట బుక్ చేశాం కాబట్టి హోటల్ సభ్యత్వంలో ఆ రాత్రులకి ఒక్క పాయింటూ పడలేదు.

పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ప్రయాణంలో తేదీలు మారతాయి. ఎవరితో బుక్ చేశామో వాళ్లే మార్చగలిగేలా ఉండాలి. నాకు ఇప్పుడు మిగతా లాభాలన్నీ దీని తర్వాతే.

పాయింట్ల పిచ్చోడు

టీచరమ్మ చెప్పింది నిజం. అక్టోబర్‌కి అయితే మరీ. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, మర్చిపోయారా? ఆ నెలలో తూర్పు తీరానికి వచ్చేవాళ్లు రద్దు చేసుకోలేని చవక రేటు తీసుకోవడం నాకు నచ్చదు. అకార్‌లో కూడా చవకగా కనపడేవి చాలావరకు అలాంటివే, ఎంచుకునే ముందు నిబంధన చదవండి.

బోడుప్పల్ గారూ, మీరు చేయాల్సింది ఒకటుంది. ఉచిత రాత్రి బుకింగ్ వేరు నంబర్‌తో వస్తుంది, పాయింట్ల బుకింగ్ వేరే నంబర్‌తో. ఒకే గదికి మొదటి రాత్రి ఒక నంబరు, రెండో రాత్రి ఇంకో నంబరు అవుతుంది. హోటల్‌కి ఫోన్ చేసి రెండూ కలపమని చెప్పండి. లేకపోతే మర్నాడు పన్నెండింటికి అమ్మగారి సామానుతో గది మారాల్సి వస్తుంది. ఆ ఉచిత రాత్రికి గడువు తేదీ కూడా చూసుకోండి. రోజు ధర 15 వేల పాయింట్లు దాటితే తక్కువైనవి మీ ఖాతాలోంచి కలపొచ్చు, కానీ మీ దగ్గర మిగిలేవి కొంచెమే.

ఎంవీపీ కాలనీ అక్క

తేదీలు పెట్టే ముందు ఊళ్లో ఏం జరుగుతోందో చూడండి. 2025లో జూన్ 21 యోగా దినోత్సవానికి, నవంబర్ 14, 15 సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) సదస్సుకి ఊరంతా అతిథులే. అలాంటప్పుడు పాయింట్ల గది వెతకడం అంటే సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు హనుమంతవాక మీదుగా కారు నడపడమే. అక్షయ తృతీయకి చందనోత్సవం, అప్పుడూ అంతే.

సింహాచలం పొద్దున్నే వెళ్లిపోండి. హనుమంతవాక నుంచి అడవివరం దారిలో వెళ్తే వచ్చేటప్పుడు పిల్లలకి జూ చూపించొచ్చు. అప్పన్న దర్శనం అయ్యాక పులిహోర తినకుండా కొండ దిగొద్దు. ఒక్కటి, జూకి కూడా సోమవారం సెలవే.

భీమిలి దారి

నాదొక అసమ్మతి. మీ అందరి లెక్కా సరే, కానీ ఇన్ని పాయింట్లు కూడబెట్టి ఊరి మధ్యలో గదిలో దిగుతారా? పిల్లలకి గుర్తుండేది ఇసుకే. నేనైతే ఋషికొండ వైపు డబ్బులు కట్టి ఉంటాను, పాయింట్లు ఢిల్లీకో ముంబైకో దాచుకుంటాను. అక్కడ గదులు ఖరీదు, పాయింటుకి విలువా ఎక్కువ.

మాజీ రిసెప్షన్

దాచుకోండి, దాచుకోండి. దాచుకున్నవాళ్ల పాయింట్లు గడువు దాటి పోయాయని ఫోన్లు ఎన్ని ఎత్తానో. మారియట్‌లో రెండేళ్లు ఖాతా కదలకపోతే పోతాయి, అకార్‌లో ఏడాదే. పైగా డెబ్బై దాటిన ఆవిడతో రోజూ ఋషికొండ నుంచి సింహాచలానికి, మళ్లీ తెల్లారుజామున స్టేషన్‌కీ తిరుగుతారా?

బోడుప్పల్ నాన్న

వెళ్లొచ్చాం. చెప్పినవాళ్లకి ఫలితం చెప్పాలి కదా.

రెండు రాత్రులు అప్‌ల్యాండ్స్‌లో రెండు గదులు. ముందే ఫోన్ చేసి పెట్టడం వల్ల నంబర్లు కలిపేశారు, గది మారలేదు. పాప నానమ్మ గదిలోనే పడుకుంటానంది, రాత్రి పదకొండు దాకా ఇద్దరూ కబుర్లు. గదికి కట్టింది సున్నా. వాసెన పోలకి, ఆటోలకి, మురీ మిక్చర్లకి ఎంతయిందో మా ఆవిడ రాసిపెట్టింది, నాకు చూపించట్లేదు. విస్టాడోమ్ దొరకలేదు, కారులో బొర్రా గుహల దాకా వెళ్లొచ్చాం. అమ్మ గుహలోకి దిగలేదు, పైన బొంగులో చికెన్ వాసన చూస్తూ కూర్చుంది. శనివారం కాబట్టి తినలేదు.

మూడో రాత్రి సముద్రం వైపు. అక్కడ ఇంకో గది తీసుకోవాల్సి వచ్చింది, అకార్ పాయింట్లు ఒక గదికే చాలాయి, రెండోది డబ్బులే. బాధ అనిపించలేదు. తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. దూరంగా లంగరేసిన ఓడల దీపాలు ఆరలేదింకా. కింద రోడ్డు మీద బండ్లు లేవు, నడకకి వచ్చినవాళ్లే. 'ఎప్పటి నుంచి కూర్చున్నావమ్మా' అంటే నాలుగింటి నుంచి అంది.

అకార్‌లో 200 పాయింట్లు, మారియట్‌లో 3,500 మిగిలాయి. గడువు దాటకుండా వాటిని ఎలా కదిలించాలో ఎవరైనా చెప్పండి.