పల్లీల ఆటలో జరిమానా ఎంత పెట్టాలి?

విశాఖలో ఇంటర్ ఎకనామిక్స్ పిల్లలకి కొరత, హేతుబద్ధ ఎంపిక చెప్పడానికి ఈ ఆట. నలుగురికి ఒక గిన్నె, అందులో 16 పల్లీలు, అవే సముద్రంలో చేపలు. రౌండుకి ఒక్కొక్కరు 4 దాకా తీయొచ్చు. మిగిలినవి రెట్టింపవుతాయి, 16 దాటకుండా. తలా 2 తీస్తే గిన్నె ఎప్పుడూ నిండుగానే. మాట్లాడుకోనివ్వకపోతే తరచూ మొదటి రౌండుకే ఖాళీ! ఎన్ని రౌండ్లో ముందే చెప్పామా, ఆఖర్లో ఊడ్చేస్తారు.

చిక్కల్లా జరిమానా దగ్గరే. తలా 2 కంటే ఎవరైనా 2 అదనంగా తీసి, జరిమానాగా 1 పల్లీ కట్టినా ఇంకా 1 లాభమే కదా. 3 పెడితే ఎవరూ తీయరు, కానీ పిల్లలు "స్వార్థం తప్పు" అని నీతి రాసుకుని లేచిపోతారు. కాపలాకీ ఖర్చుంటుందని వాళ్లకే తట్టేలా 45 నిమిషాల్లో ఎలా నడపాలి? ఫిషింగ్ హార్బర్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం సంగతి ఆటకి ముందు ఎత్తాలా, తర్వాతా?