అప్‌డేట్: కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌కు అవసరాల సేకరణ పూర్తయింది

గుంటూరులో మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ చేయవలసి ఉందనీ, యజమాని "రిజిస్టర్లో ఉన్నదంతా కంప్యూటర్లోకి వస్తే చాలు" అనడం తప్ప మరేమీ చెప్పడం లేదనీ, ఈ స్థితిలో గడువు, ఖర్చు ఎలా అంచనా వేయాలనీ ఇదివరకు అడిగాను. ప్రశ్నలు తగ్గించి, పని జరిగే చోట కూర్చొని చూడమని ఎక్కువమంది సలహా ఇచ్చారు, అలాగే చేశాను.

యజమాని చెప్పనిదంతా గుమాస్తా దగ్గర దొరికింది. రైతు పేరున వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒకేసారి బయటికి పోవు. ధర చూసుకొని కొన్ని అమ్ముతాడు, మిగిలినవాటిపై బ్యాంకులో అప్పు తీసుకుంటాడు, బ్యాంకు అనుమతి రానిదే ఆ సరుకు గేటు దాటకూడదు. సరుకు లోపల ఉండగానే వ్యాపారి చేతికి మారితే, అద్దె ఏ తేదీ వరకు ఎవరి ఖాతాలో పడాలన్నది మరో చిక్కు. రిజిస్టర్లో ఇవన్నీ అంచున రాసుకున్న మాటలే. వీటికి గడులు లేవు.

అడిగిన సౌకర్యాలను తప్పనిసరి, అవసరం, ఉంటే మంచిది, ఇప్పుడు వద్దు అని విడదీసే మాస్కో (MoSCoW) పద్ధతి కూడా ఉపకరించింది. యజమాని మొదట అన్నీ తప్పనిసరే అన్నారు (ఎవరైనా అంతే అంటారు). ఒక్కొక్కదాని పక్కన ఖర్చు రాసి చూపాక మొబైల్ యాప్‌ను ఆయనే వెనక్కి జరిపారు. సాఫ్ట్‌వేర్ అవసరాలను ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 29148 సూచించినట్టు ప్రతి అవసరాన్నీ పరీక్షించి తేల్చగలిగేలా రాశాము: "అప్పు వివరాలు కనిపించాలి" అన్నదానికి బదులు "బ్యాంకు అనుమతి నమోదు కాని లాటుకు గేట్ పాస్ ముద్రణ కాకూడదు" అని.

ఈ అవసరాల పత్రంపై యజమాని సంతకం చేశారు. కొత్త పంట రాక ఊపందుకునేలోగా సరుకు లోపలికి తీసుకొనే భాగం, ఆ తరువాత అప్పులు, అద్దె లెక్కలు అని ప్రణాళిక వేశాము. కాటా యంత్రాన్ని నేరుగా కలపాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.