జయప్రకాశ్ రెడ్డి పాత్రలతో సీమకు మేలా, కీడా?

కర్నూలు నాటకాభిమాని:
సినిమాల్లో ఫ్యాక్షన్ విలన్ వేషాలు వేసినందుకు, సీమ మీద ఫ్యాక్షన్ ముద్ర పడటంలో నటుడు జయప్రకాశ్ రెడ్డి గారికీ పాలు ఉందని మొన్న ఒక మిత్రుడు వాదించారు. నేను ఒప్పుకోను. అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్లలో పుట్టి, లెక్కల మాస్టారుగా పనిచేస్తూ నాటకాలు ఆడిన మనిషి ఆయన. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో తెర మీదికి వచ్చినా, జనం నోళ్లలో పడింది 1997లో ‘ప్రేమించుకుందాం రా’తోనే. అంతకుముందు సినిమాల్లో సీమ మాట వినిపించడమే అరుదు. ఆయన నోరు తెరిస్తే మన సంతలో, రచ్చబండ దగ్గర వినే మాటే వచ్చేది. అందరూ అరిచే చోట ఆయన గొంతు తగ్గించేవారు. ఒక్కో మాటా నమిలినట్టు పలికి, చివరి మాట దగ్గర విరుచుకుపడేవారు. మన పలుకుకు అంత బిగువు ఉందని లోకానికి చూపింది ఆయనే.

అనంతపురం ఉద్యోగి:
నటన గురించి పేచీ లేదండీ. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక అదే దారిలో వరసగా సినిమాలు వచ్చాయి. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం వెళ్లి, మాది అనంతపురం అనగానే ఇంటాయన ముఖం మారిపోయింది. ఇల్లు ఇవ్వలేదు. మా జిల్లా నిండా వేరుశనగ వేసి వాన కోసం ఎదురుచూసే రైతులే. వాళ్లు తెర మీద ఎప్పుడు కనిపించారు? ఆయన ఎంత బాగా నటిస్తే చూసేవాళ్లు అంతగా నమ్మారు. చిక్కంతా అక్కడే ఉంది.

కడప ఉపాధ్యాయిని:
మీరిద్దరూ ఆయన హాస్యాన్ని వదిలేశారు. ‘ఎవడి గోల వాడిది’ లాంటి సినిమాల్లో నవ్వించిందీ ఆయనే కదా. మా ఇంట్లో పిల్లలకు ఆయన టీవీలో వచ్చే హాస్య సన్నివేశాలతోనే తెలుసు. ఆయనను చూసి వాళ్లు భయపడరు.

కర్నూలు నాటకాభిమాని:
అనంతపురం సోదరా, మీకు జరిగింది అన్యాయమే. కానీ కథ రాసింది, డబ్బు పెట్టింది ఆయన కాదు కదా. ఆయన విజయం చూసి పరిశ్రమ ఒక మూస పోసుకుంది. తర్వాత సీమ గాలి సోకని నటులు కూడా రెండు మాటలు దీర్ఘం తీసి అదే మన యాస అనిపించారు. నా బాధ వేరే ఉంది. ‘అలెగ్జాండర్’ నాటకంలో ఆయన ఒక్కరే వేదిక మీద ఉండి, గంటకు పైగా ప్రేక్షకులను కదలనివ్వలేదు. కత్తి లేదు, అనుచరులు లేరు, ఎదుటి పాత్రధారి కూడా లేడు. ఆ శక్తిని సినిమా ఎంత వాడుకుంది? నిజజీవితంలో బడిపంతులైన మనిషికి గుర్తుండిపోయే బడిపంతులు వేషం ఒక్కటి దక్కిందా?

అనంతపురం ఉద్యోగి:
తప్పు ఆయన ఒక్కరిదే అని నేనూ అనను. కానీ పేరు వచ్చాక, అదే వేషం మళ్లీ మళ్లీ వస్తుంటే వద్దనవచ్చు కదా?

కర్నూలు నాటకాభిమాని:
హీరో వద్దంటే కథ మారుతుంది. సహాయ నటుడు వద్దంటే మనిషి మారతాడు, అంతే. నలభై దాటాక సినిమాల్లోకి వచ్చి, యాభై దాటాక పేరు తెచ్చుకున్న వ్యక్తికి ఎంచుకునే వీలు ఎంత ఉంటుంది? 2020లో ఆయన వెళ్లిపోయారు. ఇక మీ ప్రశ్న నిర్మాతలను అడగండి. అనంతపురం లలిత కళా పరిషత్ వేదిక ఎక్కినవాళ్లలో, కర్నూలు నాటక సమాజాల్లో మంచి నటులు ఉన్నారు. వాళ్లలో ఒకరికి మీరు చెప్పిన వేరుశనగ రైతు వేషం ఎప్పుడు ఇస్తారో అడగండి. మీతోపాటు నేనూ అడుగుతాను.