లంబసింగిలో మంచు చూసి వెళ్లిపోయేవాళ్లను ఇంకో పూట ఆపడం ఎలా?

ప్రశ్న (చింతపల్లి మండలం నుంచి):
అందరికీ నమస్కారం. నవంబరు నుంచి జనవరి దాకా మా లంబసింగికి తెల్లవారకముందే కార్లు, బైకులు బారులు తీరతాయి. ఎండెక్కి మంచు విడిపోగానే అందరూ ఘాట్ దిగిపోతారు. టీ, మ్యాగీ, బొంగులో చికెన్ అమ్మేవాళ్లకు తప్ప చుట్టుపక్కల ఊళ్లకు మిగిలేదేమీ లేదు. మేం కొందరు కుర్రాళ్లం కలిసి మా కాఫీ, మిరియాలు, రాజ్‌మా అమ్మాలని, అల్లూరి పోరాటం జరిగిన చోట్లు చూపించాలని అనుకుంటున్నాం. చేతిలో పెద్దగా డబ్బు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (నర్సీపట్నం నుంచి):
తమ్ముడూ, మంచి ఆలోచన. ‘ఆంధ్రా కశ్మీర్’ అని ఇంకో వీడియో పెడితే పొద్దుటి రద్దీ పెరుగుతుందే గానీ మీకు ఒరిగేదేమీ ఉండదు. తొమ్మిది గంటల తర్వాత ఏం చూడాలో చెప్పండి. మీ ప్రచారమంతా దానిమీదే ఉండాలి.

చరిత్ర కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, వాళ్లు ఎక్కి వచ్చిన దారిలోనే ఉంది. నర్సీపట్నం నుంచి మన్యంలోకి రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకు సరైన కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నాడు. అప్పటికే పోడు కొట్టుకోనివ్వని అడవి చట్టాల మీద జనం రగిలిపోతున్నారు. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు! ఈ సంగతి తెలిస్తే పిల్లలతో వచ్చినవాళ్లు చింతపల్లిలో ఆగకుండా వెళ్లరు.

అల్లూరి దగ్గరే ఆపేయకండి. ఆయనతో కలిసి పోరాడిన గాం గంటం దొర, మల్లు దొరల గురించి తప్పకుండా చెప్పండి. మల్లు దొర 1952లో మొదటి లోక్‌సభకే ఎన్నికయ్యారని మన జిల్లాలోనే చాలామందికి తెలియదు, నాకు బాధనిపిస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు తాతల దగ్గర విన్నవి ఉంటే, వాళ్లు ఒప్పుకుంటేనే ఫోన్లో రికార్డు చేయండి. రికార్డుల్లో ఉన్నది వేరు, జనం చెప్పుకునేది వేరు. ఏది ఏదో విడదీసి చెబితే మీ మాటకు విలువ ఉంటుంది.

ఇదంతా ఒకే కాగితం మీదికి తీసుకురండి. ఒకవైపు దారి మ్యాప్, మరోవైపు నాలుగు ముక్కల చరిత్ర, భోజనం ఎక్కడ దొరుకుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో. కొండమీద సిగ్నల్ పోతుంది కాబట్టి కాగితమే మేలు. అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, అయినా మ్యాప్‌లో కలపండి. నర్సీపట్నంలో టిఫిన్ హోటళ్లు, పెట్రోల్ బంకుల దగ్గర ఇచ్చి ఉంచితే కొండెక్కకముందే అందరి చేతికీ వెళ్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పెట్టుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టండి, పిన్ సరిగ్గా మీ గుమ్మం దగ్గరే పడిందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. ప్యాకెట్ మీద అరకు కాఫీ అని వేసుకోవచ్చా? ఇంకోటి, బయటివాళ్లు రిసార్ట్ కడతాం, స్థలం చూపించమని అడుగుతున్నారు.

జవాబు (పాడేరు నుంచి, కాఫీ రైతు):
బాబూ, స్థలం సంగతి ముందు చెబుతాను. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకు భూమి రాసిస్తే చెల్లదు. పేరు మీది, పెత్తనం వాళ్లది అనే ఒప్పందాలు అసలే వద్దు. ఎవరైనా కాగితం మీద సంతకం అడిగితే ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో) చూపించకుండా పెట్టొద్దు. ఉన్న ఇంట్లోనే ఓ గది శుభ్రం చేసి, మంచి మరుగుదొడ్డి కట్టి, చోడి (రాగి) అంబలి, వేడి అన్నం పెట్టండి. కుటుంబంతో వచ్చేవాళ్లు ముందు అడిగేది మరుగుదొడ్డి గురించే.

అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పంటకే చెందుతుందని. ఆ గుర్తు వాడాలంటే పేరు నమోదు చేయించుకోవాలి, కాఫీ బోర్డు ఆఫీసులో అడగండి. ఫుడ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. ఈలోగా ప్యాకెట్ మీద మీ ఊరి పేరు, కోత కోసిన నెల పెద్ద అక్షరాలతో వేయండి.

మంచు సీజనూ కాఫీ కోతా ఒకేసారి వస్తాయి, ఇది మీకు పెద్ద వరం. వచ్చినవాళ్లను తోటలోకి తీసుకెళ్లి ఎర్రగా పండిన కాయ ఒకటి నోట్లో వేసుకోమనండి. పైన తియ్యటి పలచని గుజ్జు, లోపల జిగురుతో రెండు గింజలు. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియం తీగ, పల్పర్‌లో తొక్క ఊడి గింజ బయటపడటం, కళ్లం మీద ఎండబెట్టడం, అన్నీ చూపించి చివర్లో కప్పు కాఫీ ఇస్తే బేరం ఆడకుండా కొంటారు. తోట చూపించినందుకు కొంత డబ్బు తీసుకోండి, మొహమాటపడొద్దు. ఆ డబ్బు తోట రైతుకే వెళ్లాలి. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు తిరిగి కారులోనే పట్టుకెళ్లమని ముందే చెప్పండి.

జవాబు (నర్సీపట్నం నుంచి):
తమ్ముడూ, కాగితం రాశాక ప్రింటుకు ఇచ్చేముందు ఇక్కడ పెట్టు. తేదీలు, ఊళ్ల పేర్లు నేను సరిచూస్తాను. మా బజార్లో పంచే పని కూడా నాదే.