కరెంటు వద్దనే అమిష్ ఇంట్లో గ్యాస్ ఫ్రిజ్ ఉండొచ్చా?

హారిస్‌బర్గ్ కోడలు:
పెన్సిల్వేనియా లాంకాస్టర్ కౌంటీలో మేం గుడ్లు, కూరగాయలు కొనే ఒక అమిష్ కుటుంబం ఉంది (అమిష్ అంటే అమెరికాలో పాతకాలపు పద్ధతిలోనే బతికే ఒక క్రైస్తవ శాఖ). మొన్న వాన పడుతుంటే ఆవిడ లోపలికి రమ్మంది, మొదటిసారి వాళ్ల వంటగది చూశాను. ఇంటికి కరెంటు తీగ లేదు, గోడకి ఒక్క స్విచ్ లేదు. మూల మాత్రం మనింట్లో ఉండేంత తెల్ల ఫ్రిజ్! చప్పుడే లేదు. వంగి చూస్తే అడుగున వేలెడంత నీలి మంట. ప్రొపేన్ గ్యాస్‌తో నడుస్తుందట. నాకు మింగుడు పడలేదు. చల్లటి పాలు, వెన్న అన్నీ కావాలనుకున్నప్పుడు ఇంక కరెంటు ఒక్కటే ఏం పాపం చేసింది? ఇది నియమం తప్పినట్టే కదా?

మెకానికల్ మాస్టారు:
తప్పినట్టు కాదమ్మా. వాళ్లు వద్దన్నది ఊరి లైనుకి కట్టే తీగని. లాంకాస్టర్ సంఘాలు 1919లో తీసుకున్న నిర్ణయం అది. ఆ తీగ ఒక్కసారి గడప దాటితే దాని వెనకే టీవీ, ఇంకా ఏవేవో అడక్కుండా వచ్చేస్తాయని, ఇల్లు బయటి లోకానికి అతుక్కుపోతుందని వాళ్ల బెంగ. గ్యాస్ అయిపోతే మళ్లీ తెప్పించుకోవాలి, దాంతో ఫ్రిజ్ నడుస్తుంది గానీ టీవీ నడవదు. ఇక చప్పుడు ఎందుకు లేదంటే అందులో కంప్రెసరే లేదు. మంట వేడికి నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై పైకెళ్లి, చల్లబడి ద్రవమవుతుంది, హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి దిగి మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు, ప్లాటెన్, మంటర్స్ కనిపెట్టిన పద్ధతి. ఏ తీగా అక్కర్లేని ఇంటికి ఇంతకంటే సరిపోయేది నాకు కనపడదు.

ఒహాయో రైతుబిడ్డ:
మాస్టారూ, మీరు చెప్పింది లాంకాస్టర్ మాట. అమిష్ అంతా ఒకటి కాదండి, ఏ సంఘం నియమాలు ఆ సంఘానివే. మా వైపు హోమ్స్, వేన్ కౌంటీల్లో స్వార్ట్‌జెన్‌ట్రూబర్ అనే కఠినమైన అమిష్ శాఖ వాళ్లున్నారు, గ్యాస్ ఫ్రిజ్ కూడా ఒప్పుకోరు. చలికాలంలో చెరువు గడ్డకట్టాక ఐసు దిమ్మలు కోసి షెడ్డులో పేర్చి రంపపు పొట్టు కప్పుతారు. పోయిన ఆగస్టులో ఒకాయన నాకు తలుపు తీసి చూపించాడు, తడి చెక్క వాసన ముఖానికి కొట్టింది, పొట్టు చేత్తో పక్కకి తోస్తే జనవరిలో కోసిన దిమ్మ అంచు ఇంకా పదునుగానే ఉంది. పాలు క్యాన్లలో పోసి చన్నీళ్ల తొట్టిలో దింపుతారు, ట్యాంకులో చల్లార్చిన పాలు కావు కాబట్టి అవి జున్ను తయారీకే పోతాయి, ధర తక్కువ. ఆ నష్టం భరిస్తున్నారు చూశారా, దాన్నంటాను నేను నియమం అని. గ్యాస్ ఫ్రిజ్ సౌకర్యం కోసం చేసుకున్న సర్దుబాటే.

జాడీల అమ్మ:
ఇద్దరూ నియమం గురించే మాట్లాడుతున్నారు. చాకిరీ ఎవరిది బాబూ? ఐసుపెట్టెలో మాంసం ఎన్నాళ్లుంటుంది? అందుకే ఆ ఆడవాళ్లు వేసవంతా పళ్లు, కూరగాయలు, మాంసం నిల్వకి సీసాల్లో నింపుతూనే ఉంటారు. పీచ్ పళ్లలాంటి పులుపున్నవాటికి మరిగే నీళ్లు చాలు. మాంసం, బీన్స్‌కి చాలవు, బోట్యులిజం అనే ప్రాణాంతకమైన తిండి విషం తెచ్చే బాక్టీరియా బీజాలు 100 డిగ్రీలకి చావవు, ప్రెషర్ కేనర్‌లో (సీసాలు పెట్టే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) 116 డిగ్రీల దాకా ఎక్కించి, చెప్పినంతసేపు ఉంచాలి. మన ఆవకాయని ఉప్పు, నూనె, పులుపు కాపాడతాయి, ఆ సీసాలో బీన్స్‌కి అవేవీ లేవు. ఒక్క సీసా తేడా వస్తే ఇంటిల్లిపాదికీ ప్రమాదం. ఆ టెన్షన్ కొంతైనా తగ్గించే గ్యాస్ ఫ్రిజ్‌ని సర్దుబాటు అని తీసిపారేయకండి. ఒక్కటే జాగ్రత్త, 1933-57 మధ్య వచ్చిన పాత సర్వెల్ గ్యాస్ ఫ్రిజ్‌లైతే వద్దు. వాటిలోంచి కార్బన్ మోనాక్సైడ్ వచ్చి మనుషులు పోయారు, అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ హెచ్చరించింది కూడా.

హారిస్‌బర్గ్ కోడలు:
అమ్మా, మీ మాట చదివాక నిన్న మళ్లీ వెళ్లి ఆవిడనే అడిగాను. ఫ్రిజ్ వచ్చాక కూడా సీసాలు మానలేదట, నేలమాళిగ మెట్ల పక్కన వరసలు చూపించింది. మాంసం ఎక్కువ వచ్చినప్పుడు మాత్రం పక్కింటి "ఇంగ్లిష్" వాళ్ల గ్యారేజీ ఫ్రీజర్‌లో అద్దెకి పెట్టుకుంటారట. అమిష్ కాని వాళ్లందర్నీ వాళ్లు "ఇంగ్లిష్" అనే అంటారు. తీగ ఇంట్లోకి రాదు, మాంసమే తీగ ఉన్న చోటికి పోతుంది. ఫ్రిజ్ విషయంలో మాస్టారి మాటకి ఒప్పుకుంటాను, తప్పు లేదు. ఈ అద్దె ఫ్రీజర్‌ని మాత్రం ఏమనాలో మీరే చెప్పండి.