1924 అమెరికా బేస్‌బాల్ ఫైనల్, వరల్డ్ సిరీస్ కప్పు ఎవరిది: వాషింగ్టన్ ఊరిదా, మిన్నెసోటా టీందా?

నోవా_శీను:
మొన్న శనివారం మావాడిని తీసుకుని మా వాషింగ్టన్ టీం నేషనల్స్ స్టేడియం, నేషనల్స్ పార్క్‌కి వెళ్ళాను, అక్కడ పాతకాలం పిచ్చర్ (బంతి విసిరేవాడు) వాల్టర్ జాన్సన్ కంచు విగ్రహం ఉంటుంది కదా, బంతి విసిరే చెయ్యి ఒక్కటే కాకుండా ఆ విసురంతా కనపడేట్టు వరసగా పోత పోశారు, వాడు దాని ముందు నిలబడి ఈయన మన టీమేనా నాన్నా అన్నాడు. అవును అనేశాను. ఇంటికొచ్చి రికార్డులు చూపిద్దామని తీస్తే ఆయన గెలిచిన 417 మ్యాచులూ మిన్నెసోటా ట్విన్స్ ఖాతాలో ఉన్నాయి. ఆయన 1907 నుంచి 1927 దాకా ఆడింది ఒక్క వాషింగ్టన్‌కే!

తెలియనివాళ్ళకి కథ చెప్తా. వాషింగ్టన్ మొదటి టీం సెనేటర్స్ 1901లో మొదలై 1960 సీజన్ అవ్వగానే మిన్నెసోటా వెళ్ళిపోయి ట్విన్స్ అయ్యింది. దాని బదులు 1961లో ఇచ్చిన రెండో సెనేటర్స్ కూడా 1971 తర్వాత టెక్సాస్ పోయి రేంజర్స్ అయ్యింది. 33 సీజన్లు ఊరికి టీమే లేదు. 2005లో మాంట్రియాల్ ఎక్స్‌పోస్‌ని ఇక్కడికి తెచ్చి నేషనల్స్ అన్నారు. 1924 కప్పు కొట్టింది ఆ మొదటి టీం, అప్పట్లో దాని అఫీషియల్ పేరు కూడా నేషనల్సే, సెనేటర్స్ అనేది జనం పిలిచిన పేరు. అందుకే నేననేది, ఆ కప్పు వాషింగ్టన్‌దే, నేషనల్స్ లెక్కలో 2019లో గెలిచిన కప్పు పక్కన 1924 కూడా ఉండాలి. మీరేమంటారు?

ట్విన్‌సిటీస్_మాధవి:
శీను గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోను. ఇక్కడికి వచ్చింది ఉత్త పేరు కాదండీ. అదే ఓనర్ కుటుంబం, అదే కోచింగ్, అదే ఆటగాళ్ళు వచ్చారు. హార్మన్ కిల్‌బ్రూ మొత్తం 573 హోమ్ రన్లు కొట్టాడు, అందులో 84 వాషింగ్టన్‌లో, 475 ఇక్కడ. ఊరి ప్రకారం లెక్క కడితే రెండు ఊళ్ళలోనూ ఇదే క్లబ్‌కి ఆడిన మనిషిని రెండు ముక్కలు చెయ్యాలి, అతని 84 తీసుకెళ్ళి 2005లో పుట్టిన టీంకి ఇవ్వాలి, ఆ టీంకి అతను ఒక్క బంతి కూడా ఆడలేదు. ఇల్లు మారితే ఇంటిపేరు మారుతుందా?

బెథెస్డా_రావు:
అమ్మా మాధవీ, ఇంటిపేరు మార్చింది వాళ్ళే కదమ్మా, సెనేటర్స్ తీసేసి ట్విన్స్ పెట్టుకున్నారు.

సరే, 1924 అక్టోబర్ 10 సంగతి చెప్తాను, అది వింటే గానీ ఈ ఊరివాళ్ళ పట్టుదల ఎందుకో తెలియదు. న్యూయార్క్ జెయింట్స్ మీద ఏడో మ్యాచ్, గ్రిఫిత్ స్టేడియంలో. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు 3-1తో వెనకబడి ఉంటే, 27 ఏళ్ళ కుర్ర మేనేజర్ బకీ హారిస్ కొట్టిన నేలబంతి థర్డ్ బేస్ దగ్గర లేచి అక్కడున్న జెయింట్స్ ఆటగాడు లిండ్‌స్ట్రామ్ తల మీదుగా పోయింది, స్కోరు సమం. అప్పుడు తొమ్మిదో ఇన్నింగ్స్‌కి 36 ఏళ్ళ జాన్సన్‌ని దింపారు. అప్పటికే ఆ సిరీస్‌లో ఆయన రెండు మ్యాచులు ఓడిపోయి ఉన్నాడు, అయినా నాలుగు ఇన్నింగ్స్ ఒక్క రన్ ఇవ్వలేదు. పన్నెండో ఇన్నింగ్స్‌లో మనవాడు మెక్‌నీలీ కొట్టిన బంతి కూడా మళ్ళీ అదే లిండ్‌స్ట్రామ్ తల మీదుగా ఎగిరింది, గులకరాయి తగిలిందని చెప్తారు, మనవాడే రూయెల్ పరిగెత్తి హోమ్ తొక్కి గెలుపు రన్ తెచ్చాడు, 4-3. ఆ రాయి ఈ ఊరి నేలలోది. దాన్ని ఎవరూ లారీలో వేసుకుని మిన్నెసోటా తీసుకుపోలేదు.

డల్లాస్_చిన్నా:
రావు గారూ గూస్‌బంప్స్ అండి. కానీ ఇంకో టీం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. రెండో సెనేటర్స్ 11 ఏళ్ళు అధికారికంగా మా రేంజర్స్ ఖాతాలో ఉన్నాయి, కానీ ఆర్లింగ్‌టన్‌లో రేంజర్స్ మ్యాచ్‌కి పోతే అంతా 1972 నుంచే మాట్లాడతారు. ఆ రెండో సెనేటర్స్ స్టార్ ఫ్రాంక్ హోవర్డ్ ఎవరు అని అడిగితే నా పక్కసీటు ఆయనకి తెలియదు, అదే మనిషికి మీ నేషనల్స్ పార్క్‌లో విగ్రహం ఉంది. నేషనల్స్ టోపీ మీద ఆ వంకర డబ్ల్యూ ఉందే, అదీ 60ల్లో ఆ రెండో సెనేటర్స్ పెట్టుకున్నదే. అంటే టోపీ, విగ్రహం మీకు, రికార్డులు మాకు. అందుకే శీనన్నా నేను నీ వైపే. మన హైదరాబాద్‌లో కూడా ఇదే కదా, 2009లో డెక్కన్ ఛార్జర్స్, 2016లో సన్‌రైజర్స్, పుస్తకాల్లో వేర్వేరు ఫ్రాంచైజీలు, మా కజిన్స్‌ని అడిగితే మాత్రం హైదరాబాద్‌కి రెండు కప్పులు అనే చెప్తారు.

బెథెస్డా_రావు:
ఆ రెండో టీం ఆఖరి రోజు మా పక్కింటి పెద్దాయన ఆర్‌ఎఫ్‌కే స్టేడియంలోనే ఉన్నాడు. 1971 సెప్టెంబర్ 30, యాంకీస్ మీద 7-5తో గెలుస్తున్నారు, ఇంకొక్క ఔట్ చాలు. జనం ఆగలేక గ్రౌండ్‌లోకి దూకేశారు, బేసులు పీక్కుపోయారు, గడ్డి పెళ్ళగించుకుపోయారు. మ్యాచ్ ఆగిపోయి, రూలు ప్రకారం 9-0తో యాంకీస్ గెలిచినట్టు రాసేశారు. ఆ గడ్డి పెళ్ళ ఇంటి వెనక నాటితే బతకలేదని ఆయన ఇప్పటికీ చెప్తుంటాడు.

మాంట్రియాల్_కిరణ్:
అందరూ ఆ ఊరు పోగొట్టుకున్నదే చెప్తున్నారు, ఆ ఊరు తీసుకున్నది ఎవరూ చెప్పట్లేదు. నేషనల్స్ వచ్చింది మా ఊరి నుంచి. 1994లో స్ట్రైక్‌తో సీజన్ ఆగేటప్పటికి ఎక్స్‌పోస్ 74 గెలిచి 40 ఓడింది, మొత్తం బేస్‌బాల్‌లో అదే బెస్ట్ రికార్డ్, ఆ ఏడు వరల్డ్ సిరీసే జరగలేదు. టీం వాషింగ్టన్ వెళ్ళాక మా స్టార్లు కార్టర్, డాసన్, రెయిన్స్‌ల గౌరవంగా ఇక ఎవరికీ ఇవ్వకూడదని ఇక్కడ రిటైర్ చేసిన జెర్సీ నంబర్లు మళ్ళీ వేరేవాళ్ళకి ఇచ్చేశారు. శీను గారూ, చరిత్ర ఊరిదైతే టిమ్ రెయిన్స్ ఎక్స్‌పోస్‌లో దొంగిలించిన (అంటే బ్యాటర్ కొట్టకుండానే పరిగెత్తి చేరుకున్న) 635 బేసులు నేషనల్స్ రికార్డు కాకూడదు, మాకు వదిలెయ్యండి. ఒప్పుకుంటారా?

నోవా_శీను:
ఒప్పుకుంటాను కిరణ్ గారూ, మనస్ఫూర్తిగా. అది మీదే. 1996లో క్లీవ్‌లాండ్ ఫుట్‌బాల్ టీం బాల్టిమోర్ వెళ్ళినప్పుడు బ్రౌన్స్ పేరు, రంగులు, రికార్డులు అన్నీ క్లీవ్‌లాండ్‌కే ఉంచేసి మనుషుల్ని మాత్రం పంపారు. చెయ్యాలనుకుంటే అయ్యే పనే.

ట్విన్‌సిటీస్_మాధవి:
బ్రౌన్స్ విషయంలో టీం వెళ్ళేటప్పుడే ఒప్పందం చేసుకున్నారు, అరవై ఏళ్ళ తర్వాత వెనక్కి లాక్కోలేదు. ఇంకో మాట, తీపివి మాత్రమే ఏరుకుంటే ఎట్లా? టీంని ఇక్కడికి తెచ్చిన ఓనర్ కాల్విన్ గ్రిఫిత్ 1978లో మా మిన్నెసోటాలోని వసేకా ఊళ్ళో నోరు జారి, ఇక్కడ నల్లవాళ్ళు 15,000 మందే అని తెలిశాకే వచ్చామన్నాడు. వాషింగ్టన్ 1960 జనాభా లెక్కల్లోనే సగానికి పైగా నల్లవాళ్ళ ఊరు. ట్విన్స్ 2020లో ఆయన విగ్రహం తీసేసింది, ఆ మచ్చ మేం మోస్తున్నాం. ఆ కుటుంబం కప్పూ మాదే, పాపమూ మాదే.

బెథెస్డా_రావు:
నిజం మాట చెప్పావమ్మా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ మాటతో నల్లవాళ్ళ టీం గ్రేస్ సంగతి కూడా బయటికి రావాలి. హోంస్టెడ్ గ్రేస్ పుట్టింది పిట్స్‌బర్గ్ దగ్గరే అయినా 40ల్లో సొంత మ్యాచులు చాలా గ్రిఫిత్ స్టేడియంలోనే ఆడింది, 1943, 1944, 1948లో నల్లవాళ్ళ లీగుల ఫైనల్, నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. గ్రేస్ స్టార్లు జోష్ గిబ్సన్, బక్ లెనర్డ్ కళ్ళ ముందే ఆడుతుంటే సెనేటర్స్ ఓనర్ క్లార్క్ గ్రిఫిత్ స్టేడియం అద్దె తీసుకున్నాడే గానీ ఒక్కళ్ళనీ తన టీంలోకి తీసుకోలేదు. సెనేటర్స్ మొదటి నల్ల ఆటగాడు కార్లోస్ పౌలా వచ్చింది 1954లో, అప్పటికి గిబ్సన్ పోయి ఏడేళ్ళు. 2024లో మేజర్ లీగ్ వాళ్ళు నీగ్రో లీగుల రికార్డులు కలిపాక చూస్తే బ్యాటింగ్ సగటులో అందరికన్నా పైన ఉన్నది గిబ్సనే, .372. ఏ ఫ్రాంచైజీ ఖాతాలోనూ లేని ఆ మూడు కప్పుల గురించి మనం ఇన్ని పోస్టుల దాకా ఎత్తనే లేదు.

నోవా_శీను:
నిజమే రావు గారూ, నా మొదటి పోస్ట్‌లోనే గ్రేస్ ఉండాల్సింది. వాషింగ్టన్‌లో మూడు టీములని రాశాను, నాలుగు. 1924 మీద నా మాట మారదు.

బెథెస్డా_రావు:
వచ్చే వారం మీవాడిని తీసుకురా. గ్రీన్ లైన్‌లో షా-హోవర్డ్ యూనివర్సిటీ స్టేషన్ దగ్గర దిగి జార్జియా అవెన్యూ మీద ఉత్తరానికి నడిస్తే హోవర్డ్ యూనివర్సిటీ హాస్పిటల్ వస్తుంది. గ్రిఫిత్ స్టేడియం కొట్టేసి కట్టింది అదే. జాన్సన్ విసిరిందీ గిబ్సన్ బాదిందీ ఆ ఒక్క చోటే, నేను చూపిస్తాను.